డిస్నీ పాయింట్లు రీసేల్‌లో మొదటిసారి కొంటున్నాం: 92 డాలర్ల కాంట్రాక్ట్ తీసుకోవచ్చా?

ఫ్రిస్కో_నాన్న
2026 జనవరి 10, శనివారం

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. సోమవారంలోపు ఒక నిర్ణయం తీసుకోవాలి, అందుకే అడుగుతున్నాను.

పోయిన మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి ఓర్లాండో వెళ్లాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప. మామూలు హోటల్ గది. మూడో రోజుకి పాప బయటి తిండి తినలేక అన్నం కావాలని ఏడ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి పెరుగన్నం వెతుక్కుంటూ తిరిగాను. 2027 మార్చికి అమ్మానాన్న ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి వస్తున్నారు, అప్పుడు ఐదుగురం అవుతాం. నాన్నకి షుగర్, మోకాళ్ల నొప్పులు. వంటిల్లున్న విల్లా అయితేనే కుదురుతుంది. ఆ తర్వాత కూడా ఏటా మార్చిలోనే వెళ్తాం, పాప స్కూల్ సెలవులు అప్పుడే.

అందుకే డిస్నీ వెకేషన్ క్లబ్ చూస్తున్నాం. అది డిస్నీ వాళ్ల టైమ్‌షేర్, పాయింట్లు కొనుక్కుంటే ఏటా వాటితో వాళ్ల రిసార్ట్‌లలో విల్లాలు బుక్ చేసుకోవచ్చు. డిస్నీ దగ్గర డైరెక్ట్‌గా కొంటే పాయింటుకు 200 డాలర్లు దాటుతోంది. పాత ఓనర్ల దగ్గర, అంటే రీసేల్‌లో, ఇది దొరికింది:

సరటోగా స్ప్రింగ్స్ (ఓర్లాండోలోని డిస్నీ రిసార్ట్), 160 పాయింట్లు
యూజ్ ఇయర్: ఏప్రిల్
2025 పాయింట్లు: 0
2026 పాయింట్లు: 14
2027 పాయింట్లు: 160
పాయింటుకు 92 డాలర్లు. 2026 మెయింటెనెన్స్ (ఏటా కట్టే నిర్వహణ రుసుము) కొనేవాళ్లే కట్టాలి.

మిగతా సరటోగా లిస్టింగ్‌లు 100కి అటూ ఇటూ ఉన్నాయి. ఇంకొకరు కూడా అడుగుతున్నారు, సోమవారానికల్లా చెప్పమని బ్రోకర్ అన్నారు. తీసుకోవచ్చా? ఇంకో సందేహం, మేము హెచ్1బి మీద ఉన్నాం. కొనడానికి ఏమైనా అడ్డమా?

టాంపా_గోదారి
2026 జనవరి 10

ఆగండి. సంతకం పెట్టకండి.

వీసా సంగతి ముందు చెప్తాను. కొనడానికి పౌరసత్వంతో పని లేదు. గ్రీన్ కార్డ్ కూడా అక్కర్లేదు. మేము కొన్నప్పుడు మాదీ హెచ్1బినే.

ఇక మీరు పెట్టిన లిస్టింగ్. మీరు ధర చూశారు, నేను ఆ పైన ఉన్న మూడు వరుసలు చూశాను. దీన్ని స్ట్రిప్డ్ కాంట్రాక్ట్ అంటారు. అమ్మేవాళ్లు 2025 పాయింట్లు వాడేశారు, 2026వి కూడా 14 తప్ప అన్నీ ముందే లాగి వాడేశారు. ఏప్రిల్ యూజ్ ఇయర్ అంటే ఏటా ఏప్రిల్ 1న కొత్త పాయింట్లు పడతాయి. 2026 ఏప్రిల్‌లో మీకు వచ్చేవి 14. పూర్తి 160 వచ్చేది 2027 ఏప్రిల్ 1న. మీ అమ్మానాన్న వచ్చేది 2027 మార్చిలో!

2027 పాయింట్లను ముందుకు లాక్కుని ఆ మార్చిలో వాడుకోవచ్చు, దాన్ని బారో అంటారు. కానీ అప్పుడు 2027 ఖాళీ అవుతుంది. 2028 మార్చికి మళ్లీ లాగాలి. అమ్మేవాళ్లు తవ్విన గొయ్యిని ఏటా మీరు మోస్తూ ఉంటారు.

ఇంకో పెద్ద చిక్కుంది. ఏటా మార్చిలో వెళ్తామన్నారు. పాయింట్లు వాడకపోతే తర్వాతి ఏడాదికి దాచుకోవడాన్ని బ్యాంకింగ్ అంటారు. అది యూజ్ ఇయర్ మొదటి ఎనిమిది నెలల్లోనే చేయాలి. ఏప్రిల్ యూజ్ ఇయర్‌కి గడువు నవంబర్ 30. ఫిబ్రవరిలో పాపకి జ్వరం వచ్చి ప్రయాణం మానుకున్నారనుకోండి. బ్యాంకింగ్ గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. మార్చి 31లోపు వాడాలి, లేకపోతే ఆ పాయింట్లు పోయినట్టే. పైగా చెక్ ఇన్‌కి 30 రోజుల లోపు రద్దు చేస్తే పాయింట్లు హోల్డింగ్‌లో పడతాయి. వాటితో 60 రోజుల్లోపు ఉన్న తేదీలే బుక్ చేయగలరు.

మార్చిలో వెళ్లేవాళ్లకి అక్టోబర్, డిసెంబర్, ఫిబ్రవరి యూజ్ ఇయర్లు మంచివి. ఏప్రిల్ అన్నిటికన్నా చెడ్డది. రిసార్ట్ నచ్చకపోతే ఇంకోచోట బుక్ చేసుకోవచ్చు, ధర ఎక్కువైతే ఒక్కసారి కడతాం. యూజ్ ఇయర్ మాత్రం కాంట్రాక్ట్ ఉన్నన్నాళ్లూ మారదు.

లెక్కల_మాస్టారు
2026 జనవరి 10

గోదారి గారు చెప్పిన దానికి అంకెలు వేస్తాను.

92 × 160 = 14,720 డాలర్లు.

మామూలు కాంట్రాక్ట్‌తో పోలిస్తే ఇందులో 2026వి 146 పాయింట్లు తక్కువ. ఓనర్ల దగ్గర పాయింట్లు అద్దెకు తీసుకోవాలంటే పాయింటుకు ఇరవై డాలర్లకు దగ్గరగా అవుతుంది. జాగ్రత్తగా 18 అనుకుందాం. 146 × 18 = 2,628. మెయింటెనెన్స్ కూడా మీరే కడుతున్నారు కాబట్టి ఇదంతా ధరకే కలపాలి. 17,348ని 160తో భాగిస్తే 108. అంటే మీరు నిజంగా పెడుతున్నది 92 కాదు, 108.

వాళ్లు వాడేసిన 146 పాయింట్ల మెయింటెనెన్స్ వాళ్లే కడితే, పాయింటుకు 8.50 చొప్పున 1,241 తగ్గుతుంది. అప్పుడు 100 దగ్గరికి వస్తుంది. ఆ ధరకి పాయింట్లన్నీ ఉన్న కాంట్రాక్ట్‌లే మార్కెట్‌లో ఉన్నాయని మీరే రాశారు.

అసలు కొనడం లాభమా అన్నది వేరే లెక్క. సరటోగా 2054 జనవరి 31తో ముగుస్తుంది. ఆ రోజు తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు. 100 డాలర్ల చొప్పున 16,000, క్లోజింగ్ ఖర్చులకు 700 వేసుకుంటే 16,700. 28 ఏళ్లకి పంచితే ఏడాదికి 596. మెయింటెనెన్స్ 1,360. మొత్తం 1,956, అంటే పాయింటుకు 12.20.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ 16,700 డాలర్లు వేరేచోట 5 శాతం సంపాదించేవి కదా, అదీ కలపాలి. అప్పుడు ఏడాదికి 596 బదులు 1,121 అవుతుంది, పాయింటుకు 15.50. మెయింటెనెన్స్ ఏటా పెరుగుతుంది, నిజమే. అద్దె ధరలు కూడా పెరుగుతున్నాయి. కాబట్టి ఏటా వెళ్లేవాళ్లకి లాభం ఉంది, కానీ అమ్మేవాళ్లు చెప్పేంత లేదు. రెండేళ్లకోసారి వెళ్లేవాళ్లు అద్దెకు తీసుకోవడమే మేలు. అప్పు చేసి కొంటే మాత్రం ఈ లెక్క నిలబడదు. టైమ్‌షేర్ లోన్ల వడ్డీలో ఉన్న కాస్త లాభమూ పోతుంది.

ఒకసారి పాయింట్లు అద్దెకు తీసుకుని ఉండి చూశారా? లేకపోతే ముందు ఆ పని చేయండి.

అట్లాంటా_నెల్లూరు
2026 జనవరి 11

నేను ఈ మాట అన్నిచోట్లా చెప్తున్నాను, ఇక్కడా చెప్తాను. ఏ టైమ్‌షేరూ కొనకండి.

2014లో లాస్ వేగస్ వెళ్లాం. షో టికెట్లు ఇస్తామని 90 నిమిషాల ప్రజెంటేషన్‌కి పిలిచారు. కూర్చోబెట్టింది నాలుగున్నర గంటలు. మా చిన్నబ్బాయి మా ఆవిడ ఒళ్లో నిద్రపోయాడు. మూడో మేనేజర్ వచ్చేసరికి ఎలాగైనా బయటపడితే చాలనిపించింది. 18,000 డాలర్లకి సంతకం పెట్టాను, 17 శాతం వడ్డీకి. నెవాడాలో ఐదు రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉందని నాకు తెలిసేసరికి ఆరు నెలలైంది.

మెయింటెనెన్స్ ఏడాదికి 700 నుంచి 1,400 అయింది. అమ్మకానికి పెడితే ఒక్క డాలరుకి కూడా ఎవరూ అడగలేదు. అప్పుడొకడు ఫోన్ చేశాడు. మీ పాయింట్లకి కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, పన్నుల కింద ముందుగా 1,800 పంపండి అన్నాడు. పంపాను. ఆ నంబర్ మర్నాటి నుంచి పనిచేయలేదు.

ఆ రోజు నా పక్కన ఒక్కరు కూర్చుని వద్దు అని ఉంటే బాగుండేది. అందుకే చెప్తున్నాను.

టాంపా_గోదారి
2026 జనవరి 11

నెల్లూరు గారూ, మీ మాటని ఎవరూ తీసిపారేయరు. మీకు జరిగింది ఇక్కడ చాలామందికి జరిగింది. హైదరాబాద్‌లో మా తోడల్లుడికి కూడా ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా చీటీ రాయించి, గిఫ్ట్ తీసుకోవడానికి దంపతులిద్దరూ హోటల్‌కి రావాలని పిలిచి, అచ్చం ఇలాగే కట్టించుకున్నారు.

డిస్నీ పాయింట్లకి రీసేల్‌లో కొనేవాళ్లున్నారు, ఆ మాత్రం తేడా ఉంది. అవసరమైతే అమ్ముకుని బయటపడొచ్చు. అయితే ఫ్రిస్కో గారు మీ పోస్ట్‌లో పట్టుకోవలసింది ఒకటుంది. మెయింటెనెన్స్ అనేది ఉద్యోగం ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. వెళ్లని ఏడాది కూడా కట్టాలి.

ముందుగా డబ్బు అడిగిన ఎవరినీ నమ్మొద్దు. అసలైన బ్రోకర్ కమిషన్ అమ్మకం పూర్తయ్యాక అమ్మినవాళ్ల డబ్బులోంచి తీసుకుంటారు. మీ డిపాజిట్ టైటిల్ కంపెనీ (రిజిస్ట్రేషన్ పనులు చూసే మధ్యవర్తి సంస్థ) ఎస్క్రోలోకి, అంటే అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే ఖాతాలోకి వెళ్తుంది. వైర్ చేసే ముందు ఈమెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా, మీరు సొంతంగా వెతికి పట్టుకున్న నంబర్‌కి ఫోన్ చేసి అకౌంట్ వివరాలు సరిచూసుకోండి.

ఎడిసన్_అక్క
2026 జనవరి 11

తమ్ముడూ, లెక్కలు వీళ్లు చెప్పారు. నేను ఇంకో మాట అడుగుతాను. సరటోగాయే ఎందుకు? చవక అనా, నచ్చిందనా?

మాది యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్, అదీ ఓర్లాండోలోని డిస్నీ రిసార్టే. మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగారు, చిన్నప్పటి నుంచి గొడ్లతోనే. రెండేళ్ల కిందట వచ్చినప్పుడు పార్కుల్లో ఒక పూట తిరిగి, ఇక నా వల్ల కాదమ్మా, మీరు వెళ్లి రండి అన్నారు. అందులో కిదానీ విలేజ్ అనే భవనంలో, జంతువులు తిరిగే సవానా మైదానం వైపు గది మాది. పొద్దున ఆరింటికి నేను లేచేసరికి ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి ఉన్నారు. జిరాఫీ ఒకటి చెట్టు కింద మెడ వంచుకుని నిలబడింది. సాయంత్రం అదే రిసార్ట్‌లోని జాంబో హౌస్ భవనం వైపు నడిపించుకుని వెళ్తే అంకోలే ఆవులు కనపడ్డాయి. ఒక్కో కొమ్ము మనిషి చెయ్యంత. కంచె దగ్గర అరగంట కదల్లేదు. ఇంత కొమ్ములు మోసే గొడ్డుకి మెడ బలం ఎలా ఉండాలి, దీనికి ఏం మేత పెడతారో అడుగు అన్నారు. అక్కడ పనిచేసే ఆఫ్రికా అబ్బాయిని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. నేను మధ్యలో తెలుగు చేస్తూ ఉన్నాను. ఆ ట్రిప్‌లో నాన్న ఇప్పటికీ చెప్పేది అదే.

మీ నాన్నగారిది ఒంగోలు వైపు అన్నారు కదా, అందుకే రాశాను.

పనికొచ్చే సంగతి ఇంకోటి. కిదానీలో ఒక బెడ్‌రూమ్ విల్లాలో ఐదుగురు ఉండొచ్చు, బాత్‌రూమ్‌లు రెండు. షుగర్ ఉన్న పెద్దాయనకి రాత్రిళ్లు అది ఎంత సౌకర్యమో చెప్పక్కర్లేదు. పొయ్యి, అవెన్, పెద్ద ఫ్రిజ్, బట్టలుతికే మెషిన్ అన్నీ ఉంటాయి. స్టూడియోలో మాత్రం చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్, అంతే. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు స్టూడియో లెక్కతో పాయింట్లు కొనకండి.

ఫ్రిస్కో_నాన్న
2026 జనవరి 11

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా ఆవిడా నేనూ ఈ పోస్టులన్నీ రెండుసార్లు చదివాం. అక్క రాసింది చదివి తను మీ నాన్నకి చదివి వినిపించు అంది. బ్రోకర్‌కి 92ది వద్దని చెప్పేశాను.

రెండు ప్రశ్నలు. సరటోగా కొనుక్కుని యానిమల్ కింగ్‌డమ్‌లో బుక్ చేసుకోవచ్చు కదా, పాయింట్లు అన్నిచోట్లా చెల్లుతాయని విన్నాను? రీసేల్‌లో కొంటే ఏవేవి రావు?

టాంపా_గోదారి
2026 జనవరి 12

మీరు కొన్న రిసార్ట్ మీ హోమ్ రిసార్ట్. అక్కడ 11 నెలల ముందు బుక్ చేయొచ్చు. మిగతా చోట్ల 7 నెలల ముందే. మధ్యలో నాలుగు నెలలు అక్కడి ఓనర్లే ఏరుకుంటారు. స్ప్రింగ్ బ్రేక్‌కి సవానా గదులు 7 నెలల దాకా మిగలడం కష్టం. సెప్టెంబర్‌లోనో జనవరి చివర్లోనో అయితే దొరకొచ్చు.

రీసేల్ సంగతి. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్న పాత రిసార్ట్‌ల పాయింట్లు ఆ పాత 14 రిసార్ట్‌లలోనే చెల్లుతాయి. హవాయిలోని ఔలానీ, కాలిఫోర్నియాలోని గ్రాండ్ కాలిఫోర్నియన్ ఆ పద్నాలుగులోవే. ఆ తర్వాత వచ్చిన కొత్త రిసార్ట్‌లు, అంటే రివియేరా, డిస్నీలాండ్ హోటల్ విల్లాలు, ఫోర్ట్ విల్డర్‌నెస్ కేబిన్లు మనకి రావు. అదే రివియేరాని రీసేల్‌లో కొంటే ఒక్క రివియేరాలోనే వాడాలి. కొత్తవాళ్లు దానికి దూరంగా ఉండటం మంచిది. 2024 డిసెంబర్‌లో తెరిచిన పాలినీషియన్ టవర్ పాత పాలినీషియన్ రిసార్ట్ ఓనర్ల సంఘంలోనే కలిసింది కాబట్టి అది మనకీ దొరుకుతుంది.

మెంబర్లకి ఇచ్చే డిస్కౌంట్లు, పార్క్ పాస్ ఆఫర్లు రీసేల్ వాళ్లకి ఉండవు. వాటికి కనీసం 150 పాయింట్లు డైరెక్ట్‌గా కొనాలి. క్రూజ్‌లకి కూడా మన పాయింట్లు చెల్లవు. మీకు కావాల్సింది వంటిల్లు, పడకలు, ఐదుగురికి చోటు. అందులో ఏ తేడా లేదు. అదే గది, అదే తాళం.

ఫ్రీమాంట్_వాసి
2026 జనవరి 12

నేను గోదారి గారితో పూర్తిగా ఏకీభవించను. మాది సరటోగా, ఏడేళ్లుగా. ఒక్కసారి కూడా సరటోగాలో ఉండలేదు. 7 నెలల రోజు పొద్దున్నే కూర్చుని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బుక్ చేస్తాం. బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్, పాలినీషియన్ అన్నీ చూశాం. సరటోగా మెయింటెనెన్స్ యానిమల్ కింగ్‌డమ్ కన్నా పాయింటుకు డాలరుకి అటూ ఇటూ తక్కువ. 160 పాయింట్లకి ఏడాదికి 160 డాలర్లు మిగిలినట్టే కదా, ఇరవై ఎనిమిదేళ్లు!

ఎడిసన్_అక్క
2026 జనవరి 12

ఫ్రీమాంట్ గారూ, మీరు ఏ నెలలో వెళ్తారు?

ఫ్రీమాంట్_వాసి
2026 జనవరి 12

సెప్టెంబర్, లేదా మే మొదట్లో. పిల్లలు ఇంకా స్కూల్‌కి వెళ్లడం లేదు. మీరు ఎక్కడికి వస్తున్నారో అర్థమైంది. మార్చి మాత్రమే కుదిరేవాళ్లకి నా పద్ధతి నప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఫ్రిస్కో గారూ, ఇది ఆలోచించండి. 7 నెలల రోజున ఏమీ దొరక్క హోమ్ రిసార్ట్‌లోనే ఉండాల్సి వస్తే మీకు బాధ అనిపిస్తుందా? సరటోగా అయితే మాకు అనిపించదు. చెట్లు, నీళ్లు, డిస్నీ స్ప్రింగ్స్‌కి నడక దూరం. మీకు బాధ అనిపించేట్టయితే అది మీ రిసార్ట్ కాదు.

మళ్లీ_హైదరాబాద్
2026 జనవరి 13

ఆలస్యంగా చూశాను. కొనేటప్పుడు ఎవరూ చెప్పని రెండు సంగతులు చెప్తాను. మేము 2023లో తిరిగొచ్చేశాం, ఇక్కడి నుంచే మా 100 పాయింట్లు అమ్మాం.

మొదటిది పేర్లు. ఇది స్థిరాస్తి. ఓర్లాండో రిసార్ట్‌ల డీడ్ ఫ్లోరిడాలోని ఆరెంజ్ కౌంటీలో రిజిస్టర్ అవుతుంది. మన పేర్లతో తిప్పలు మీకు తెలిసిందే. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ ఉందా లేదా. మా ఆవిడ పేరు డీడ్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పడింది. అమ్మేటప్పుడు ఆ రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. టైటిల్ కంపెనీ పేర్లు అడిగినప్పుడు పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి పంపండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ పెట్టండి.

రెండోది, మీరు ఎప్పటికైనా తిరిగి వెళ్లిపోతే. అమెరికా పన్నుల లెక్కలో మీరు నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే ఫిర్ప్టా చట్టం కింద అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి కడతారు. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. తర్వాత రిటర్న్ వేసి ఎక్కువ పట్టుకున్నది వెనక్కి తెచ్చుకోవాలి. సంతకాలకి నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్‌కి వెళ్లి నోటరీ చేయించాం. ఒక్కో సీలుకి 50 డాలర్లు. అపాయింట్‌మెంట్ దొరకడానికే మూడు వారాలు పట్టింది. మీరు అక్కడ టాక్స్ రెసిడెంట్‌గా ఉండగా అమ్మితే ఈ గొడవ ఉండదు. వెళ్లిపోవడం ఖాయమైతే టికెట్లు కొనేలోపే లిస్టింగ్ పెట్టండి.

కొనేవాళ్లు కూడా అమ్మేవాళ్లు ఎక్కడ ఉన్నారో అడగాలి. విదేశీ అమ్మకందారైతే ఆ 15 శాతం పట్టే బాధ్యత చట్టప్రకారం కొన్నవాళ్లదే. టైటిల్ కంపెనీ చూసుకుంటుంది, కానీ చూసుకుందో లేదో అడగండి.

ఫ్రిస్కో_నాన్న
2026 జనవరి 17

వారం రోజులుగా లిస్టింగ్‌లే చూస్తున్నాను. ఇది చూడండి:

యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్, 160 పాయింట్లు, 2057 వరకు
యూజ్ ఇయర్: డిసెంబర్
2024 నుంచి బ్యాంక్ చేసినవి: 90
2025 పాయింట్లు: 160
2026 పాయింట్లు: 160
పాయింటుకు 104. 2026 మెయింటెనెన్స్ కొనేవాళ్లు కట్టాలి. అమ్మేవాళ్లు ఒహాయోలో ఉంటారు.

ఫ్రీమాంట్ గారి ప్రశ్న మా ఆవిడని అడిగాను. సవానా గది దొరక్క సరటోగాలో ఉండాల్సి వస్తే బాధ అనిపిస్తుంది, మావయ్యగారు మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు కదా అంది. దాంతో తేలిపోయింది.

లెక్కల_మాస్టారు
2026 జనవరి 17

ఇది లోడెడ్ కాంట్రాక్ట్. 90 పాయింట్లు ఎక్కువ వస్తున్నాయి. అదే 18 చొప్పున 1,620. 16,640లోంచి తీసేస్తే పాయింటుకు 94 పడుతుంది. 2025 పాయింట్లు (2025 డిసెంబర్ నుంచి 2026 నవంబర్ దాకా వాడేవి) అన్నీ మీకే వస్తున్నాయి కాబట్టి 2026 మెయింటెనెన్స్ మీరు కట్టడం న్యాయమే.

102 అడిగి చూడండి. ఒప్పుకుంటే నిజమైన ధర 92 అవుతుంది. వారం కిందట మీరు చూసిన లిస్టింగ్ మీద వేసి ఉన్న అంకె అదే.

టాంపా_గోదారి
2026 జనవరి 17

యూజ్ ఇయర్ మీకు సరిగ్గా సరిపోయింది. మార్చిలో ఏదైనా అడ్డం వచ్చినా జులై 31 దాకా బ్యాంకింగ్‌కి టైమ్ ఉంటుంది.

ఆ 90 పాయింట్లు 2026 నవంబర్ 30లోపు వాడాలి, ఒకసారి బ్యాంక్ చేసినవి మళ్లీ బ్యాంక్ చేయలేరు. సెప్టెంబర్‌లో స్టూడియో తీసుకుని ముగ్గురూ వెళ్లి రండి. కుదరకపోతే అద్దెకి ఇవ్వండి.

2025వి 160 బ్యాంక్ చేస్తే 2026 యూజ్ ఇయర్‌లోకి వెళ్తాయి. అప్పుడు 2027 మార్చికి మీ చేతిలో 320 ఉంటాయి. బ్యాంక్ చేసింది వెనక్కి తీసుకోలేం, అందుకని ఏ రాత్రికి ఎన్ని పాయింట్లో చెప్పే పాయింట్ చార్ట్‌లో మీ రాత్రుల లెక్క చూసుకుని అప్పుడు చేయండి.

ధర ఒప్పుకున్నాక కాంట్రాక్ట్ డిస్నీకి వెళ్తుంది. అదే ధరకి తామే కొనుక్కునే హక్కు వాళ్లకి ఉంది, రోఫర్ అంటారు. 30 రోజులు. వాళ్లు తీసుకుంటే మీ డిపాజిట్ వెనక్కి వస్తుంది, మళ్లీ వెతుక్కోవడమే. ఈ నెల రోజులూ విమానం టికెట్లు, సెలవులు ఏమీ పెట్టుకోవద్దు.

ఫ్రిస్కో_నాన్న
2026 జనవరి 21

102కి ఒప్పుకున్నారు. సంతకాలు అయ్యాయి, డిపాజిట్ ఎస్క్రోకి వెళ్లింది. పేర్లు మూడుసార్లు చూసి పంపాను, హైదరాబాద్ గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. నా పేరు నిజంగానే మొదటి డ్రాఫ్ట్‌లో తిరగబడి ఉంది. ఇవాళ రోఫర్‌కి పంపారట.

ఫ్రిస్కో_నాన్న
2026 ఫిబ్రవరి 5

పదిహేను రోజులైంది, ఏమీ తెలియలేదు. ఇది మామూలేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్_అక్క
2026 ఫిబ్రవరి 5

మామూలే. మాకు ఇరవై ఆరో రోజున వచ్చింది.

ఫ్రిస్కో_నాన్న
2026 ఫిబ్రవరి 12

వదిలేశారు! డిస్నీ కొనడం లేదని ఇప్పుడే మెయిల్ వచ్చింది. తర్వాత ఏముంటుంది?

టాంపా_గోదారి
2026 ఫిబ్రవరి 12

శుభం. ఇప్పుడు ఎస్టాపెల్ వస్తుంది, అంటే కాంట్రాక్ట్‌లో నిజంగా ఎన్ని పాయింట్లున్నాయి, బాకీలు ఉన్నాయా అని డిస్నీ ఇచ్చే లెక్క. లిస్టింగ్‌లో చెప్పిన 90, 160, 160 అందులో ఉన్నాయో లేదో చూశాకే మిగతా డబ్బు పంపండి. మధ్యలో అమ్మేవాళ్లు పాయింట్లు వాడి ఉంటే తెలిసేది ఇక్కడే.

ఫ్రిస్కో_నాన్న
2026 మార్చి 27

ఎస్టాపెల్‌లో అన్నీ సరిగ్గా ఉన్నాయి. 12న క్లోజింగ్ అయింది, డీడ్ రిజిస్టర్ అయింది. ఇవాళ అకౌంట్‌లో పాయింట్లు కనపడ్డాయి. మొదటి పోస్ట్ నుంచి లెక్కేస్తే పదకొండు వారాలు.

లెక్కల మాస్టారు గారూ, చార్ట్ చూశాను. మార్చి 13, 2027 శనివారం నుంచి ఆరు రాత్రులు, కిదానీలో ఒక బెడ్‌రూమ్, సవానా వైపు. 320లో సరిపోతుంది, కొన్ని మిగులుతాయి కూడా. 2025వి బ్యాంక్ చేసేశాను.

టాంపా_గోదారి
2026 మార్చి 27

ఏప్రిల్ 13, సోమవారం. ఆన్‌లైన్ బుకింగ్ ఈస్టర్న్ టైమ్ ఎనిమిదింటికి తెరుచుకుంటుంది, మీ టెక్సాస్‌లో ఏడు. ఆరు యాభైకే లాగిన్ అయి కూర్చోండి. చెక్ ఇన్ రోజు నుంచి ఏడు రాత్రుల దాకా ఒకేసారి చేసుకోవచ్చు.

ఫ్రిస్కో_నాన్న
2026 ఏప్రిల్ 13

ఏడూ రెండుకి బుక్ అయింది. ఆరు రాత్రులు, సవానా వైపు.

వెంటనే ఊరికి ఫోన్ చేశాను. నాన్నకి అక్క చెప్పిన ఆవుల సంగతి జనవరిలోనే చెప్పాను. ఆయన ఫోన్‌లో అంకోలే ఆవుల వీడియోలు వెతుక్కుని చూస్తున్నారట. వాటికి మూపురం మన వాటిలా ఎత్తుగా లేదు, బండి లాగడానికి పనికిరావు అన్నారు. అమ్మ అడిగింది ఒక్కటే, అక్కడికి కుక్కర్ తీసుకెళ్లాలా అని.

ఎడిసన్_అక్క
2026 ఏప్రిల్ 13

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. గిన్నెలు, పెనం, ప్లేట్లు అక్కడే ఉంటాయి. అమ్మగారికి అలవాటైన చిన్న కుక్కర్ ఉంటే చెకిన్ బ్యాగ్‌లో పెట్టుకోండి, పప్పుకి అది లేకపోతే ఇబ్బంది. పోపు డబ్బా మర్చిపోవద్దు. తాలింపు పెట్టే ముందు పొయ్యి మీద ఫ్యాన్ వేసి, బాల్కనీ తలుపు తీసి, ఎండుమిర్చి చివర్లో వేయమనండి. మా అమ్మ ముందే వేసేసరికి పొగకి అలారం మోగింది, నాన్న బాల్కనీలోంచి కంగారుగా లోపలికి పరిగెత్తుకొచ్చారు.